జెట్టు మార్చడం ఆఖరి పని: అనంతపురంలోని ఒక టూ-స్ట్రోక్ వర్క్‌షాప్ గురించి

అనంతపురంలో టూ-స్ట్రోక్ బండ్లను ఇష్టంగా నడిపేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు గానీ, వాటి కార్బురేటర్‌ను (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే భాగాన్ని) అర్థం చేసుకుని పనిచేసేవారు నానాటికీ తగ్గిపోతున్నారు. పాతూరు సందుల్లో, రెండు మోటార్‌సైకిళ్లు పక్కపక్కన నిలిపితే మూడోదానికి చోటు లేని ఒక షెడ్డులో, వయసు మళ్లిన ఒక మెకానిక్ ఒకే ఒక సహాయకుణ్ణి పెట్టుకుని ఈ పని చేస్తున్నారు. ఆ షెడ్డుకు బోర్డు లేదు. మట్టిదారుల కోసం మార్పించిన నా యమహా ఆర్‌ఎక్స్ 135ను అక్కడ బాగుచేయించిన తరువాత, ఆయన పని పద్ధతిని వివరంగా రాయడం ఈ బండ్లున్న వారికి ఉపయోగపడుతుందని అనిపించింది.

ముందుగా బండి గురించి చెప్పాలి. ఇది ఐదు గేర్ల ఆర్‌ఎక్స్ 135. 132 సీసీ ఇంజను, కంపెనీ లెక్క ప్రకారం సుమారు 14 హార్స్‌పవర్. నేను కొనే నాటికే దీన్ని డర్ట్ బైకుగా మార్చేశారు. పొడవైన ఫోర్కులు, ముళ్ల టైర్లు, వెనుక పెద్ద స్ప్రాకెట్, ఎక్స్‌పాన్షన్ చాంబర్ (ఊపు పెంచే ఉబ్బెత్తు పొగగొట్టం), 24 మిల్లీమీటర్ల మికుని కంపెనీ కార్బురేటర్ అమర్చి, ఆయిల్ పంపును తీసివేసి, టూటీ ఆయిల్‌ను (టూ-స్ట్రోక్ ఇంజను ఆయిల్‌ను) పెట్రోలులోనే కలిపి పోసే ఏర్పాటు చేశారు. ఇన్ని మార్పులు జరిగిన బండికి కంపెనీ పుస్తకంలోని జెట్టు (పెట్రోలు ఎంత వెళ్లాలో నిర్ణయించే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క) అంకెలు పనికిరావు. అందువల్ల సమస్య వచ్చినప్పుడు ఆధారంగా నిలిచేది మెకానిక్ ఆలోచనా క్రమమే.

సమస్య మూడు రూపాల్లో కనిపించేది. గుట్ట దిగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజను వేగం వెంటనే దిగకుండా కొంతసేపు పైనే నిలిచిపోయేది. పావు నుంచి సగం దాకా ఒక్కసారిగా తిప్పితే ముందు నీరసించి, తరువాత అకస్మాత్తుగా లాగేది. పూర్తిగా తిప్పి మూడో గేరులో వెళుతుంటే పైభాగంలో ఊపు చచ్చిపోయి, క్రాంకు ఒక చుట్టు విడిచి ఒక చుట్టుకు మండుతున్నట్టు బరబరమనే శబ్దం వచ్చేది. మొదటి లక్షణం గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిన స్థితికి, అంటే లీన్‌కు గుర్తు. చివరిది దానికి సరిగ్గా వ్యతిరేకమైన రిచ్ స్థితికి గుర్తు. ఊళ్లో అంతకుముందు చూపించిన చోట ఒకరు జెట్టు పెద్దది వేయాలన్నారు, మరొకరు చిన్నది వేయాలన్నారు. ఎవరికి వారు తాము విన్న ఒక్క లక్షణాన్ని బట్టి చెప్పారు. కానీ రెండు వ్యతిరేక లక్షణాలు ఒకే ఇంజనులో ఎందుకున్నాయని ఎవరూ అడగలేదు.

ఈ షెడ్డులో నాకు మొదట విన్పించిన మాట ఇది: "జెట్టు మార్చడం ఆఖరి పని నాయనా, ముందు గాలి యాడ దూరుతాందో చూడల్ల." ఆ మాటను ఆయన అక్షరాలా పాటించారు. కార్బురేటర్‌ను విప్పకముందే పెట్రోలు ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం తెరుచుకుని ఉందో లేదో చూశారు, కుళాయి నుంచి పెట్రోలు ధారగా పడుతోందో లేదో సీసాలో పట్టి చూశారు. ఇవి చాలా చిన్న తనిఖీలే గానీ, ట్యాంకు మూత మూసుకుపోయిన బండి కూడా పూర్తి థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు) అచ్చం చిన్న జెట్టు వేసినట్టే ప్రవర్తిస్తుందన్నది మరచిపోకూడదు. ఆ తరువాత ప్లగ్గు నిప్పురవ్వ, కాయిల్ తీగలు, కంప్రెషన్ చూశారు. రీడ్ వాల్వును (మిశ్రమాన్ని ఇంజనులోకి పంపి వెనక్కి రానివ్వని రేకుల కవాటాన్ని) విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి, రేకులు చిట్లాయా, అంచుల వద్ద సందు వదులుతున్నాయా అని పరిశీలించారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి.

అసలు విషయం ప్రెషర్ పరీక్షలో తేలింది. టూ-స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ కింద క్రాంకు తిరిగే గది, అంటే క్రాంక్‌కేసే, పంపులా పనిచేస్తుంది కాబట్టి అది గాలి చొరకుండా ఉండడం చాలా ముఖ్యం. కార్బురేటర్ వైపు మేనిఫోల్డునూ, సైలెన్సర్ వైపు రంధ్రాన్నీ రబ్బరు బిరడాలతో బిగించి, ప్లగ్గు రంధ్రం గుండా చేతి పంపుతో సుమారు 6 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఎక్కించి, ముల్లు నిలబడుతుందా లేదా అని కొన్ని నిమిషాలు గమనించడమే ఈ పరీక్ష. నా బండి విషయంలో ముల్లు మన కళ్ల ముందే దిగిపోయింది. సిలిండరు కింది ప్యాకింగు మీదా మేనిఫోల్డు మీదా సబ్బునీళ్లు రాస్తే బుడగలు రాలేదు. పుల్లరుతో మాగ్నెట్ (నిప్పురవ్వకు కరెంటు పుట్టించే చక్రం) ఊడదీసి, దాని వెనకనున్న క్రాంక్ ఆయిల్ సీలు చుట్టూ రాసినప్పుడు సన్నని నురగ లేచింది. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేర్ ఆయిల్‌ను పీల్చుకుని దట్టమైన తెల్ల పొగ వదులుతుంది కనుక దాన్ని ఎవరైనా పట్టుకోగలరు. మాగ్నెట్ వైపు సీలు పోతే పొగ రాదు, శబ్దం రాదు. లోపలికి బయటి గాలి మాత్రమే వెళుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు కార్బురేటర్ గుండా వచ్చే గాలే తక్కువ కాబట్టి, అక్కడ దూరే కొద్దిపాటి గాలి కూడా పెద్ద తేడా తెస్తుంది. గుట్ట దిగేటప్పుడు ఇంజను వేగం పైనే నిలిచిపోవడానికి ఇదీ కారణం. ఆయిల్ కలిపిన పెట్రోలుతో నడిచే ఇంజనుకు పొడవైన దిగుడులో థ్రాటిల్ మూసి ఉంచితే ఎలాగూ ఆయిల్ తక్కువే అందుతుంది; దానికి ఈ గాలి కూడా తోడైతే పిస్టన్ పట్టేయడానికి ఎంతో కాలం పట్టదు.

రెండు వైపుల సీళ్లూ మార్చిన తరువాతే ఆయన కార్బురేటర్‌ను బల్ల మీదికి తెచ్చారు. ఇక్కడ రెండో సంగతి బయటపడింది. పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్టు మీద ముద్రించిన అంకె ఒకటి, దాని రంధ్రం మరొకటి. ఆ జెట్టులో సులువుగా దూరిన కొలత పిన్ను, అదే అంకె ఉన్న కొత్త అసలు జెట్టులో దూరలేదు. ఎవరో ఎప్పుడో దాన్ని సన్నని డ్రిల్లుతోనో తీగతోనో గెలికి పెద్దది చేశారన్నమాట. ఈ అలవాటు మన వైపు చాలా షాపుల్లో ఉంది, దీన్ని గట్టిగా ఖండించాల్సిన అవసరమూ ఉంది. ఇత్తడి జెట్టు లోపలి గోడ నునుపు చెడితే పెట్రోలు ఎంత వెళుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ పైన అంకెను నమ్మి చేసే ప్రతి నిర్ణయమూ తప్పుతుంది. కొనేవారు తెలుసుకోవలసిన మరొక సంగతి కూడా ఉంది. మికుని వారి ఆరు పలకల మెయిన్ జెట్ల అంకె పెట్రోలు ప్రవాహాన్ని బట్టి ఇచ్చేది, కీహిన్ వారి అంకె రంధ్రం వ్యాసాన్ని బట్టి ఇచ్చేది. కాబట్టి ఒక కంపెనీ 130, మరొక కంపెనీ 130 ఒకటి కావు.

ఇప్పుడు లక్షణాలన్నీ అర్థమయ్యాయి. సీలు వల్ల కింది భాగం లీన్ అయితే, దాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో తక్కువ థ్రాటిల్‌లో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టును పెద్దది చేశారు. గెలికిన మెయిన్ జెట్టు వల్ల పైభాగం రిచ్ అయింది. ఆ రిచ్ మంటలో కాలని ఆయిల్ వెళ్లి సైలెన్సర్‌లోని గాజు ఊలును తడిపేసింది. ఊలు మార్చి, చాంబర్‌లోని మసిని గీకించిన తరువాత శబ్దంలోనే తేడా తెలిసింది.

జెట్టింగ్, అంటే జెట్లను ఇంజనుకు సరిపడేలా కుదిర్చే పని, చేసిన తీరు ఈ సమీక్షలో నేను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకోదలచిన భాగం. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందన్నది కాదు, థ్రాటిల్ ఎంత తెరుచుకుని ఉందన్నదే ఇక్కడ కొలమానం. ఆయన హ్యాండిల్ పిడి మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు గీసి, బుక్కరాయసముద్రం వైపు గుట్టల కింది మట్టిదారిలో నన్నే నడపమన్నారు. మూసిన స్థితి నుంచి పావు దాకా పైలట్ జెట్టు, దానికి గాలిని సర్దే ఎయిర్ స్క్రూల రాజ్యం. ఆ పైన సగం లోపు థ్రాటిల్‌తో పాటు పైకి లేచే స్లయిడ్ అంచు కోత ప్రభావం కలుస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా స్లయిడ్‌కు వేలాడే సూది, అంటే నీడిల్, దాని ఎత్తు సర్దే క్లిప్పు. ముప్పావు దాటితే మెయిన్ జెట్టు. హద్దులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకు వస్తాయి గనుక ఆయన ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చారు, మార్చిన ప్రతిదాన్నీ చీటీ మీద రాశారు. ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను తిప్పి, ఐడిల్ ఎక్కడ గరిష్ఠంగా ఉందో చూశారు. రెండున్నర చుట్లకు మించి విప్పితే గానీ కుదరలేదంటే పైలట్ జెట్టు పెద్దదని, ఒక చుట్టు లోపే కుదిరిందంటే చిన్నదని అర్థం. సీలు బాగయ్యాక పాత పైలట్ జెట్టుతో స్క్రూ రెండున్నర దాటిపోయింది. ఒక సైజు తగ్గించగానే ఒకటిన్నర దగ్గర స్థిరపడింది. నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించి, నీడిల్ పైకి లేచేట్టు చేయగానే సగం థ్రాటిల్ దగ్గరి నీరసం పోయింది. మెయిన్ జెట్టుకు మాత్రం కొత్త ప్లగ్గు వేసి, పూర్తి థ్రాటిల్‌లో నడిపి, అదే స్థితిలో ఇంజను ఆపి, క్లచ్ పట్టి బండిని నిలిపి, ప్లగ్గు పింగాణీ అడుగున ఉన్న రంగు వలయాన్ని చూశారు. పింగాణీ కొసన కనిపించే రంగును చూసి తీర్పు చెప్పేవారిని నమ్మవద్దు; మెయిన్ జెట్టు సంగతి చెప్పేది అడుగు వలయమే.

ఈ ప్రాంతంలో జెట్టింగ్‌కు రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తాయి, వాటిని ఆయన వివరించిన తీరు కూడా నాకు నచ్చింది. డిసెంబరు తెల్లవారుజామున 17 డిగ్రీల చలిలో ఉన్న గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలోని గాలి సుమారు ఎనిమిది శాతం పలుచన. గాలి తగ్గినంతగా కార్బురేటర్ పెట్రోలును తగ్గించలేదు కనుక వేసవిలో బండి రిచ్ వైపు మొగ్గుతుంది. అనంతపురం నుంచి 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్‌కు ఎక్కినా ఇంచుమించు ఇదే జరుగుతుంది. మరోవైపు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఈథనాల్ కలిపిన పెట్రోలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ మిశ్రమానికి ఆ లెక్క 13.5 దగ్గరకు వస్తుంది. అంటే ఈథనాల్ లేని పెట్రోలుకు సరిపడిన పాత జెట్టు, నేటి మిశ్రమంతో లీన్ అవుతుంది. 2005 నాటికే ఉత్పత్తి ఆగిపోయిన బండికి పాత రోజుల జెట్టు అంకె చెప్పి ఇదే వేయమని పట్టుబట్టేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఎండాకాలానికీ, చలికాలపు పొద్దులకూ వేర్వేరు మెయిన్ జెట్లు రాసి ఇచ్చిన మెకానిక్‌ను నేను అనంతపురంలో ఈయన్నే చూశాను.

ఒక విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఆయన ఆయిల్‌ను పెట్రోలులో 25కు 1 పాళ్లలో కలపమంటారు. మంచి సింథటిక్ టూటీ ఆయిల్‌తో మట్టిదారుల్లో నడిపే చిన్న ఇంజనుకు 32కు 1 సరిపోతుందని నా నమ్మకం. అయితే జెట్టింగ్ పూర్తయ్యాక ఆ పాళ్లు మార్చకూడదన్న ఆయన హెచ్చరిక మాత్రం ముమ్మాటికీ నిజం. ఆయిల్ ఎక్కువ కలిపితే అదే జెట్టు గుండా వెళ్లే మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది. చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా ఇంజను మరికాస్త లీన్ అవుతుంది. అందుకే నేను 32కు 1 అని ముందే చెప్పి, ఆ పాళ్లకే జెట్టింగ్ చేయించుకున్నాను.

లోపాలు లేవని కాదు. పని నిదానంగా సాగుతుంది; బండి ఎప్పుడు ఇస్తారో అడిగితే స్పష్టమైన జవాబు రాదు, ఫోను చేస్తే ఎత్తరు. అసలైన మికుని జెట్లు ఆయన దగ్గర నిల్వ ఉండవు. బెంగళూరు జేసీ రోడ్డు నుంచి మనమే తెప్పించుకోవాలి, ఏ సైజులు కావాలో మాత్రం రాసిస్తారు. పవర్ వాల్వు ఉన్న విదేశీ డర్ట్ బైకులను, ఇంజక్షన్ ఉన్న కొత్త టూ-స్ట్రోకులను ఆయన ముట్టుకోరు, ఆ మాట మొదటే చెప్పేస్తారు. ధర విషయానికి వస్తే, సీళ్లు, జెట్లు, సైలెన్సర్ పని, కూలీ అన్నీ కలిపినా రీబోరింగ్ (సిలిండరును తొలిచే పని) చేయించి పిస్టన్ కిట్టు వేయించడానికయ్యే ఖర్చులో సగం కూడా కాలేదు. ఎర్రమట్టి దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆయిల్ రాసే పద్ధతిని అడగకుండానే చూపించారు. దుమ్ము పట్టిన ఫిల్టరు జెట్టింగ్ మొత్తాన్ని రిచ్ వైపు లాగేస్తుంది కనుక ఇది చిన్న విషయం కాదు.

బండి ఇప్పుడు పెన్న ఇసుకలో కూడా కింది నుంచి పైదాకా ఒకే తీరుగా లాగుతోంది. తమ ఆర్‌ఎక్స్‌నో, షోగన్‌నో, యెజ్డీనో అక్కడికి తీసుకెళ్లాలనుకునేవారు కార్బురేటర్‌లో ఇప్పుడున్న జెట్లను పీకేయకుండా అలాగే ఉంచండి. మీరు కలిపే ఆయిల్ పేరు, పాళ్లు రాసి పట్టుకెళ్లండి. ఏ థ్రాటిల్ దగ్గర ఏమవుతోందో, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా అన్నది ముందే గమనించి ఉంచుకోండి. బండిని కడిగించి మాత్రం తీసుకెళ్లవద్దు. ఎక్కడ లీకవుతోందో ఆయన మొదట వెతికేది ఇంజను మీది ఆయిల్ మరకల్లోనే.