రేణిగుంటలో గోడౌన్: 'యు' ఆకారమా, నేరు దారా?

రేణిగుంట రోడ్డు పక్కన ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం గోడౌన్ కట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది రేకులు, ర్యాకుల సంగతి కాదు. సరుకు ఎటు వచ్చి ఎటు పోవాలన్నది.

'యు' పద్ధతిలో సరుకు దింపడం, ఎక్కించడం రెండూ ఒకే వైపు. ఆర్డర్ ప్రకారం ర్యాకుల్లోంచి సరుకు తీసే మనిషి సమయంలో పెద్ద వాటా నడకకే పోతుంది. రోజూ అమ్ముడయ్యే సరుకును డాక్ (లారీ ఆగి సరుకు దించే, ఎక్కించే చోటు) దగ్గరే పెట్టుకుంటే ఆ నడక చాలా తగ్గుతుంది. అవే ఫోర్క్‌లిఫ్టులు, అదే మనుషులు రెండు పనులకూ వస్తారు. ముందువైపు మాత్రమే రోడ్డున్న స్థలానికి ఇంతకన్నా దారి లేదు. రేపు వెనక్కి పెంచుకోవచ్చు కూడా. టెన్షనల్లా వచ్చే లారీ, పోయే వ్యాను ఒకే గంటలో ఎదురుపడితేనే.

నేరు దారిలో సరుకు ఒక చివర దిగి మరో చివర బయటికి పోతుంది. గజిబిజి ఉండదు. కానీ ఒక్క సబ్బు పెట్టె అయినా గోడౌన్ పొడవంతా ప్రయాణించాల్సిందే. పైగా రెండు వైపులా లారీ తిరిగే జాగా కావాలి. చిత్తూరు తోతాపురి గుజ్జు డ్రమ్ముల్లా లోడ్లకు లోడ్లు కదిలే సరుకుకైతే భేష్.

విడి ఆర్డర్లకు నా ఓటు 'యు'కే. ఏది కట్టినా డాక్ మీద వెడల్పాటి చూరు దింపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వాన అట్టపెట్టెల్ని వదలదు.