స్టాండ్‌బైలో ఇండియా వెళ్ళడమా, టికెట్ కొనుక్కోవడమా: ఏది మేలు?

"మీకు ఫ్లైట్లు ఫ్రీ కదా, మళ్ళీ టికెట్లెందుకు కొన్నారు?" మా అత్తయ్యగారికీ మామయ్యగారికీ హైదరాబాద్ నుంచి డాలస్‌కి టికెట్లు బుక్ చేశామని తెలిసినప్పటి నుంచి పాట్‌లక్కుల్లో, గుడి దగ్గర, వాట్సాప్‌లో ఇదే ప్రశ్న. మా ఆయన ఒక ఎయిర్‌లైన్ ఐటీలో ఫుల్‌టైమ్ ఉద్యోగి, అందుకని మాకు స్టాండ్‌బై పాస్ ఉంది. డాలస్, అట్లాంటా, చికాగోల్లో మనవాళ్ళు ఇలాంటి ఉద్యోగాల్లో చాలామందే ఉన్నారు. కొత్తగా చేరినవాళ్ళు మొదట అడిగేది కూడా ఇదే, ఊరికెళ్ళడానికి ఈ పాస్ పనికొస్తుందా, లేక డబ్బులు పెట్టి కొనుక్కోవడమే నయమా అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

స్టాండ్‌బై అంటే ఇదీ సంగతి. డబ్బు కట్టినవాళ్ళంతా ఎక్కాక మిగిలిన సీటు మనది. కానీ దీన్ని మన రైల్వే వెయిటింగ్ లిస్ట్‌లా ఊహించుకుంటే దెబ్బతింటారు. అక్కడ పది తొమ్మిదవుతుంది గానీ పదకొండు కాదు. ఇక్కడ అవుతుంది. సీనియారిటీ చూసే కంపెనీల్లో పాతికేళ్ళ సర్వీసున్నాయన ఆఖరి గంటలో వచ్చి పేరు పెట్టుకుంటే మన పేరు కిందికి జారిపోతుంది. చెక్-ఇన్ టైమ్ చూసే కంపెనీలోనైతే సరిగ్గా 24 గంటల ముందు, ఆ నిమిషానికి, ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. అదీకాక కన్సల్టెన్సీ తరఫున అదే ఆఫీసులో అదే పని చేసే కాంట్రాక్టర్లకు ఈ సౌకర్యం లేదు. ఉద్యోగి, భార్య లేదా భర్త, పిల్లలు, ఉద్యోగి సొంత తల్లిదండ్రులు, మామూలుగా అంతవరకే. అంటే మా అత్తామామలకు ఉంది, మా అమ్మానాన్నలకు లేదు. దీని మీద మా ఇంట్లో నడిచే వ్యాఖ్యానం ఇక్కడ రాయను.

ఇప్పుడు అసలు విషయం. అందరూ అడిగేది "లోడ్స్ ఎలా ఉన్నాయి?" అని, అంటే ఈ ఫ్లైట్‌లో ఎన్ని సీట్లు ఖాళీ అని. నాకు మాత్రం అది రెండో ప్రశ్న. మొదట చూసుకోవాల్సింది, ఇది తప్పిపోతే తర్వాతది ఎప్పుడు, అప్పటిదాకా మనం ఎక్కడ ఉంటాం, అని. డాలస్ నుంచి చికాగో వెళ్ళాలంటే రోజంతా ఫ్లైట్లే. ఒకటి పోతే ఇంకోటి, అన్నీ పోతే ఇంటికెళ్ళి పడుకుని పొద్దున్నే మళ్ళీ రావచ్చు. ఇండియా సంగతి అలా కాదు. అమెరికా కంపెనీలేవీ నేరుగా హైదరాబాద్ రావు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2021 నవంబర్‌లో మొదలుపెట్టిన న్యూయార్క్–ఢిల్లీ ఉంది, యునైటెడ్‌కి నెవార్క్–ఢిల్లీ ఉంది. ఇవి మామూలుగా రోజుకి ఒక్కోటే. ఈ రోజు మిగిలిపోయినవాళ్ళంతా రేపటి లిస్టుకి చేరతారు, ఎల్లుండికి ఇంకా పెరుగుతారు. వెళ్ళేటప్పుడు న్యూయార్క్‌లో ఇరుక్కుంటే సరే, ఎవరో ఒక స్నేహితుల ఇల్లు ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలో ఇరుక్కుంటే హోటలూ మనదే, భోజనమూ మనదే. స్టాండ్‌బైవాళ్ళకి ఎయిర్‌లైన్ రూపాయి ఇవ్వదు, ఇవ్వాల్సిన పనీ లేదు.

ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. యాప్‌లో ఇరవై సీట్లు ఖాళీ అని కనిపిస్తుంది, గుండె నిండా ధైర్యం. తీరా వెళ్తే "వెయిట్ రిస్ట్రిక్షన్" అంటారు. అమెరికా వైపు వచ్చేటప్పుడు ఎదురుగాలి, 2022 నుంచి అమెరికా విమానాలకి రష్యా గగనతలం లేదు కాబట్టి దారి ఎక్కువ, ఇంధనం ఎక్కువ. పైగా ఎండాకాలం వేడికి రెక్కల కింద గాలి పలచబడి విమానం మోయగలిగే బరువు తగ్గుతుంది. సీట్లు ఖాళీగానే ఎగిరిపోతాయి, మనం కిందే ఉంటాం. శీతాకాలం అయితే పొగమంచు. ఒక రోజు ఫ్లైట్ రద్దయితే ఆ టికెట్ జనమంతా తర్వాతి రెండు మూడు రోజుల ఖాళీలని మింగేస్తారు. ఒకసారి మమ్మల్ని గేటు దాకా కూడా పోనివ్వలేదు. చెక్-ఇన్ కౌంటర్ పక్కన ట్రాలీతో నిలబెట్టి, కౌంటర్ మూసే టైముకి చెప్తాం అన్నారు. నిజానికి అదే నయం. ఇమ్మిగ్రేషన్ దాటాక సీటు లేదంటే పాస్‌పోర్టులో పడ్డ స్టాంపు రద్దు చేయించుకుని, సామాను వెనక్కి తీసుకుని, బయటికి నడవాలి. ఇద్దరు పిల్లలతో అర్ధరాత్రి ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సామాను అన్నాను కదా. ఢిల్లీ–హైదరాబాద్ టికెట్ విడిగా కొంటాం. అమెరికా ఫ్లైట్‌లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు అనుకుంటే, దేశీయ విమానంలో మామూలుగా 15 కిలోలు. మిగతా ప్రతి కిలోకీ డబ్బు. వచ్చేటప్పుడు ఆవకాయ, గోంగూర, కారప్పొడి, సున్నుండలు, ఇవి లేకుండా మనం బయల్దేరతామా? పచ్చడి క్యాబిన్ బ్యాగులో పెట్టి సెక్యూరిటీ దాటడం అవదు, చెక్-ఇన్ చేస్తే ఇందాక చెప్పిన ట్రాలీ కథ. పైగా ఆ దేశీయ టికెట్ ముందే కొంటే, స్టాండ్‌బై తప్పిన రోజు అదీ పోతుంది. ఆ రోజే కొందామంటే రేటు మండిపోతుంది. "ఫ్రీ" అన్న మాటలోంచి పన్నులు, దేశీయ టికెట్, అదనపు లగేజీ, ఒక హోటల్ రాత్రి తీసేస్తే మిగిలేదెంతో మీరే లెక్క వేసుకోండి. జనవరి ఆఖరు, ఫిబ్రవరి, సెప్టెంబర్ మధ్య నుంచి దీపావళి ముందు వరకూ అయితే లెక్క బాగానే వస్తుంది. స్కూలు సెలవుల్లో, సంక్రాంతికి, జులై ఆఖర్లో విద్యార్థులంతా సూట్‌కేసులతో బయల్దేరే రోజుల్లో అస్సలు రాదు.

రెండో దారి జెడ్ ఫేర్లు. మీ కంపెనీకి ఒప్పందం ఉన్న వేరే ఎయిర్‌లైన్స్‌లో దూరాన్ని బట్టి తక్కువ రేటుకి స్టాండ్‌బై టికెట్. హైదరాబాద్‌కి ఇది చాలా మెరుగు, ఎందుకంటే లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దోహా, దుబాయ్, అబుదాబి నుంచి నేరుగా శంషాబాద్‌లో దిగొచ్చు. కానీ ఇక్కడా నా ప్రశ్న అదే, ఎక్కడ ఇరుక్కుంటారు? ఇండియన్ పాస్‌పోర్టుతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిగిలిపోతే షెంగెన్ వీసా లేకుండా బయట హోటల్‌కి పోలేరు, ట్రాన్సిట్ కుర్చీల్లోనే తెల్లారాలి. పైగా లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్ 2024 జనవరిలో మొదలైంది గానీ రోజూ ఉండే ఫ్లైట్ కాదు. లండన్‌లో అమెరికా వీసా చూపించి బయటికి రావచ్చంటారు, నిజమే, కానీ దానికి కన్ఫర్మ్ అయిన తర్వాతి ఫ్లైట్ చూపించాలి. మన చేతిలో ఉన్నదే కన్ఫర్మ్ కానిది! దోహాలో ఇండియన్లకు ముందుగా వీసా అక్కర్లేదు, దుబాయ్‌లో అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ చాలినంత గడువుతో ఉంటే దిగాక ఇస్తారు. హైదరాబాద్‌కి రోజుకి ఒకటికి మించి ఫ్లైట్లు కూడా ఉంటాయి. ఇరుక్కున్నా ఒక రాత్రి మంచం మీద పడుకుని, ఇడ్లీ తిని, మర్నాడు ప్రయత్నించొచ్చు. అందుకే స్టాండ్‌బైలో ఊరికెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది గల్ఫ్ దారే. వీసా నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు ఒకసారి చూసుకోండి.

ఇక టికెట్ కొనడం. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏముంది, డబ్బు కట్టాం, సీటుంది. పెద్దవాళ్ళ విషయంలో మాత్రం ఇది తప్ప వేరే మాటే లేదని నా అభిప్రాయం. మా మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, వీల్‌చెయిర్ పెట్టుకుంటారు. ఆ వీల్‌చెయిర్ అబ్బాయి గేటు దగ్గర దింపేసి వేరే ప్యాసింజర్ కోసం వెళ్ళిపోతాడు. లిస్టు తేలేది తలుపు మూసే ముందు ఆ కాసిన్ని నిమిషాల్లో. స్క్రీన్ మీద ఇంటిపేరులో మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన పేరులో మొదటి అక్షరం, అంతే ఉంటుంది. రెడ్డిగారింటి వాళ్ళెవరైనా ఆర్, ఇ, డి అని మూడే అక్షరాలు. ఇండియా ఫ్లైట్‌లో అలాంటివి ముగ్గురివి ఉంటే మనది ఏదో మనకే తెలియదు. ఏజెంట్ మైకులో పేరు విరిచి విరిచి పిలుస్తుంది, అది మన పేరేనని అర్థమయ్యేలోపు తర్వాతి పేరు. హిందీ రాక, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా ఉన్న డెబ్భై ఏళ్ళ మనిషిని ఆ టెన్షన్‌లో వదిలేసి నేను డాలస్‌లో నిద్రపోలేను. శంషాబాద్‌లో ఒక్క చెక్-ఇన్, సామాను నేరుగా డాలస్, మధ్యలో దోహాలోనో దుబాయ్‌లోనో ఒక్క మార్పు. ఆ సుఖానికే ఆ డబ్బు. అందుకే కొన్నాం.

ఇంటి దగ్గర ఎవరికైనా సీరియస్ అని ఫోనొస్తే? అప్పటికప్పుడు టికెట్ రేటు భయంకరంగా ఉంటుంది కాబట్టి స్టాండ్‌బై ఇందుకే కదా అనిపిస్తుంది. నాకు తెలిసినవాళ్ళు అలా బయల్దేరి న్యూయార్క్‌లో రెండు రోజులు ఉండిపోయారు. ఆ పరిస్థితిలో వెళ్ళాల్సింది ఒక్కరే అయి, ఆ రోజు లోడ్స్ నిజంగా ఖాళీగా ఉంటే తప్ప టికెటే కొనండి. మైల్స్ (తరచూ ప్రయాణించేవాళ్ళకి ఎయిర్‌లైన్లు ఇచ్చే పాయింట్లు) ఉంటే వాటితో వేరే ఎయిర్‌లైన్‌లో తీసుకోండి. అమెరికన్, యునైటెడ్ మైల్స్‌తో తీసుకున్న టికెట్ బయల్దేరకముందే రద్దు చేసుకుంటే మైల్స్ మామూలుగా వెనక్కొస్తాయి, అందుకే మామూలు ప్రయాణాలకి కూడా బ్యాకప్‌గా పెట్టుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు.

బడ్డీ పాస్ (ఉద్యోగి తన స్నేహితులకో బంధువులకో ఇచ్చే స్టాండ్‌బై పాస్) గురించి అడిగేవాళ్ళకి: వద్దు. లిస్టులో అందరికంటే అడుగున ఉంటారు, దాని విలువ ఉద్యోగి జీతానికి కలిసి పన్ను పడుతుంది (తల్లిదండ్రుల పాస్‌కి ఆ బాధ లేదు), మీ వాళ్ళు గేటు దగ్గర గొడవ పెట్టుకుంటే ఉద్యోగి పాసులకే ఎసరు. మా నాన్నకి అది ఇద్దామని మా ఆయన అన్నారు, నేను వద్దన్నాను.

ఇదంతా చదివి నేను స్టాండ్‌బైకి వ్యతిరేకం అనుకుంటారేమో. అస్సలు కాదు! ఊరికెళ్ళే ప్రయాణం పక్కన పెడితే, మా ఇద్దరికీ దీనికి మించిన సరదా లేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక యాప్ తెరిచి, ఎటు సీట్లుంటే అటు. సియాటిల్ అనుకుని బయల్దేరి, గేటు దగ్గర లిస్టు చూసి, పక్క గేటులో శాన్ హువాన్‌కి సీట్లున్నాయని అటు పరుగెత్తి, స్వెట్టర్లతో సముద్రం ఒడ్డున దిగాం. ఎవరో కనెక్షన్ తప్పిపోయి బిజినెస్ క్లాస్‌లో సీటు ఖాళీ అయితే, అది మా దాకా వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఆ కాళ్ళు చాపుకున్న సుఖం ముందు సీటు దొరక్క తిరిగొచ్చిన ఆదివారాలేవీ గుర్తుండవు. పూర్వం ఇలాంటిది ఉద్యోగులకే కాదు, మామూలు జనానికీ ఉండేది. 1977లో ఫ్రెడ్డీ లేకర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఎయిర్‌లైన్ స్కైట్రెయిన్ అనే సర్వీసుని లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కి 59 పౌండ్లకి, ముందస్తు బుకింగ్ లేకుండా, అప్పటికప్పుడు వచ్చి కొనుక్కునేలా మొదలుపెట్టింది. 1982లో దివాళా తీసింది. ఇప్పుడు అప్పటికప్పుడు కొనేవాళ్ళకే ఎయిర్‌లైన్లు ఎక్కువ వడ్డిస్తాయి, కాబట్టి ఆ సరదా పాస్ ఉన్నవాళ్ళకే మిగిలింది.

కాబట్టి కొత్తగా చేరినవాళ్ళు మొదటి పాస్‌ని ఇండియా మీద వాడకండి. రోజుకి నాలుగైదు ఫ్లైట్లున్న ఊరికి, చేతిలో ఒక్క క్యాబిన్ బ్యాగుతో, సోమవారం ముఖ్యమైన మీటింగ్ లేని వారం చూసుకుని వెళ్ళండి. థ్యాంక్స్‌గివింగ్‌కి వెళ్ళాలంటే బుధవారం కాకుండా గురువారం పొద్దున్నే చూడండి, ముందు రోజు కంటే రద్దీ చాలా తక్కువ. ఆదివారం తిరిగిరావడం మాత్రం మర్చిపోండి, మంగళవారం దాకా సెలవు పెట్టుకోండి.