మట్టి తావాలో తావ్చే గ్రావ్చే: కొన్ని చలికాలాల వాడకం తర్వాత

ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోపియేలో మా వంటింట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు మట్టి తావా. వెడల్పెక్కువ, లోతు తక్కువ, లోపల గోధుమరంగు మెరుపు పూత. దాంట్లో నేను చేసేది దాదాపు ఒకటే వంట, తావ్చే గ్రావ్చే. ఉడికించిన తెల్ల రాజ్మాలో ఉల్లిపాయ పోపు కలిపి ఓవెన్‌లో పెట్టడం మాసిడోనియాలో ఉండేవాళ్లెవరికీ కొత్త కాదు. శుక్రవారం వచ్చిందంటే సగం ఇళ్లలో అదే కూర. కాబట్టి వంటంతా చెప్పను. దాని మీద కట్టే పెచ్చు గురించి చెప్తాను.

ఓవెన్‌లో ఆఖరి అరగంటలో పై వరస గింజలు తడారి, ఎర్రబడి, ఒకదానికొకటి అంటుకుంటాయి. చెంచా గుచ్చితే సన్నగా చిటుక్కుమంటుంది, కింద మాత్రం చిక్కటి రసం. అంచుల్లో మట్టికి అతుక్కుని నల్లబడ్డ చోట వేగిన ఉల్లిపాయ తీపి, మిరపపొడి, ఎండు పుదీనా అన్నీ కలిసి పట్టేస్తాయి. మా పిల్లలు ఆ అంచుల కోసమే కొట్టుకుంటారు. వెడల్పు వల్ల పైన నీరు తొందరగా ఇంకుతుంది, మందం వల్ల అడుగు నిదానంగా వేడెక్కుతుంది. అందుకే పైన పెచ్చు కట్టేలోపు కింద మాడదు. బయటికి తీశాక కూడా టేబుల్ మీద చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది.

ఆ పెచ్చు రావాలంటే గింజ పగలకూడదు. ఇక్కడ తెటోవో ఊరి గింజలకు మంచి పేరు. కాస్త పెద్దవి, తోలు పలచన. రాత్రంతా నానబెట్టి, ఒక పొంగు రాగానే ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో సన్నటి సెగ మీద ఉడికిస్తే నిండుగా ఉంటాయి. కుక్కర్లో పెడితే తోలు చిట్లి రసమంతా పిండి పిండిగా అవుతుంది. అర కిలో గింజలకు రెండు పెద్ద ఉల్లిపాయలు వేస్తాను, నూనెకు వెనకాడను. ఎర్ర మిరపపొడి మాత్రం స్టవ్ ఆపాకే. ఇక్కడి పొడి కారం తక్కువ, తీపి ఎక్కువ, కన్ను మూసి తెరిచేలోపు మాడి చేదెక్కుతుంది. పైన పెట్టడానికి ఎండబెట్టిన వెజెనా పిపెర్కా ఉండాల్సిందే. ఒళ్లంతా కుట్టుపని చేసినట్టు గీతలుండే ఆ మిరపకాయ ఇంకే దేశంలోనూ నా కంటపడలేదు. గుంటూరు కారం అలవాటైన నోటికి కూడా అది చాలు.

మాలాంటి శాకాహారులకు ఇంకో సంగతి. హోటళ్లలో దీని మీద సాసేజ్ పెట్టి ఇస్తుంటారు. 'పోస్నో' అని అడిగితే ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాసాల పద్ధతిలో, మాంసం, పాలు, గుడ్లు లేకుండా తెస్తారు.

ఇప్పుడు ఒక బాద్నిక్ రాత్రి సంగతి. జనవరి 6, ఇక్కడి క్రిస్మస్ ముందు రోజు, భోజనమంతా ఉపవాస వంటలే. పక్కింటి పెద్దావిడ ఓవెన్‌లో రొట్టెలు నిండిపోయాయి, గ్రావ్చే మా ఇంట్లో కాల్చిస్తానన్నాను. పాత బజార్లో కొన్న నా తావాలోనే, ఎప్పటిలాగే చల్లటి ఓవెన్‌లో పెట్టి, వేడి నెమ్మదిగా 200 డిగ్రీలకు తెచ్చాను. పెచ్చు కట్టే వేళకి లోపల్నుంచి టప్‌మని శబ్దం. తలుపు తీస్తే పక్క నుంచి అడుగు దాకా సన్నటి బీట, ఓవెన్ అడుగున రసం కారి పొగ. పిల్లలు కిటికీలు తెరిచారు, బయట మంచు. నాకు ఒకటే టెన్షన్, ఆవిడ ఇంట్లో పండగ పూట ఈ కూర లేకపోతే ఎలా అని.

చేతికి ఇంకో గిన్నె తీసుకునేలోపు కారడం ఆగిపోయింది. చిక్కటి గింజల రసం బీటలోనే ఎండి దాన్ని మూసేసింది. కింద ట్రే పెట్టి జాగ్రత్తగా ఆవిడ ఇంటికి మోసుకెళ్లాం. పెచ్చు చెక్కుచెదరలేదు. ఆ రాత్రి అందరూ రొట్టె అద్దుకుని తావా ఖాళీ చేశారు. తర్వాత కడిగి చూస్తే బీట మొదలైన చోట మట్టిలో తెల్లటి సున్నపురాయి తునక. కాల్చిన మట్టిలో అలాంటి తునక మిగిలితే తేమ పీల్చి ఉబ్బి, ఎప్పుడో ఒకప్పుడు మట్టిని పగలదీస్తుంది. పైన పూత ఉండబట్టి కొన్నప్పుడు అది కనపడే వీలే లేదు. అంత మంచి తావా అలా పోయినందుకు ఇప్పటికీ బాధే.

కొత్తది దొరికేదాకా ఎనామిల్ ట్రేలో చేశాను. పెచ్చు దాంట్లోనూ వచ్చింది, ఉన్నమాట చెప్పాలిగా. తావాకి మాత్రమే వస్తుందని అంతకుముందు ఎంతోమందితో అన్నాను, అంత ఖచ్చితంగా ఇప్పుడు అనను. రానిది అంచు. ట్రే అంచుల్లో గింజలు ఎండి గట్టిపడ్డాయే గానీ రుచి పట్టలేదు. వడ్డించిన కాసేపటికే కూర చల్లారిపోయింది కూడా.

ఇప్పుడు వాడుతున్నది కిచెవో దగ్గరి వ్రానెష్టిత్సా కుమ్మరులు చేసిన తావా. కాస్త బరువు. ఇంట్లో మనుషులున్నారు, రాత్రిపూట కరెంటు రేటు తక్కువ, అప్పుడే గింజలు ఉడకబెట్టుకుంటాను, కాబట్టి నాకు సరిపోతోంది. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి ఎనిమిదింటికి తినాలనుకునేవాళ్లకు ఇది వారాంతపు వంటే. ఇద్దరే ఉంటే ఒక్కొక్కరికి ఒక్కోటి చొప్పున చిన్న తావాలు కొనుక్కోవచ్చు, వాటిలో అంచు పాలు ఎక్కువ. కొనేటప్పుడు బోర్లించి, పూత లేని అడుగున తెల్లటి చుక్కలున్నాయేమో చూడండి, వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే తీసుకోండి, డొల్లగా పలికితే వద్దు.