‘ఆఫ్రికన్ మిక్స్’ సిక్లిడ్లు: కొనదగినవేనా?

హైదరాబాద్‌లో రంగుచేపలు అమ్మే దుకాణాల్లో ‘ఆఫ్రికన్ మిక్స్’ అని చీటీ అంటించిన ట్యాంకు తరచుగా కనిపిస్తుంది. రెండంగుళాలైనా లేని పసుపు, నీలం, నారింజ రంగుల సిక్లిడ్ (ఇదొక చేపల కుటుంబం) పిల్లలు అందులో కలగాపులగంగా తిరుగుతుంటాయి. చూపించిన చేపనల్లా వలతో పట్టి కవర్లో వేసి ఇస్తారు. నేను చేపలు కొనే దుకాణంలో ఈ ట్యాంకును, దాని పక్కనే రకాల పేర్లు రాసి విడివిడిగా పెట్టిన ట్యాంకులను పోల్చి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ పద్ధతి ఒక్క చోటికే పరిమితం కాదు కనుక దుకాణం పేరు రాయడం లేదు.

మిక్స్ ట్యాంకులో నీటి శుభ్రతకు వంక పెట్టలేము. చేపలన్నీ చురుకుగా మేత తింటున్నాయి. చిక్కంతా ఎంపికలోనే ఉంది. ఆ ట్యాంకులోని పసుపు చేపలు పైకి ఒకేలా కనిపించినా నిజానికి రెండు రకాలు. వీపు రెక్క మీద నల్లటి అంచు తప్ప ఒళ్లంతా పసుపుగా ఉన్నది ఎల్లో ల్యాబ్. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే ఎంబూనా చేపల్లో ఇంత నెమ్మదైనవి తక్కువ. ఒంటి పొడవునా నలుపు, తెలుపు చారలున్నది ఆరాటస్. దాని మగచేప ఎదిగి పెత్తనం సంపాదించాక ముదురు రంగుకు మారి, ట్యాంకులో మిగతావాటికి నిలువ నీడ లేకుండా చేస్తుంది. నేను చూస్తుండగానే వేలెడంత ఆరాటస్ ఒకటి మూలనున్న పైపు ముక్కను ఆక్రమించుకుని, దగ్గరికి వచ్చిన ప్రతిదానినీ తరిమికొట్టింది. తోక రెక్క చీలికలైన ఎల్లో ల్యాబ్ ఒకటి ఫిల్టర్ వెనుక నక్కి ఉంది.

పక్క ట్యాంకులోని ఆస్కార్‌ను వీటితో కలపవచ్చా అని అడిగితే, “అన్నీ సిక్లిడ్లే కదా సార్, కలిసిపోతాయి” అన్నారు దుకాణంవారు. ఆ లెక్కన మార్కెట్లో కిలోల చొప్పున అమ్మే తిలాపియా కూడా సిక్లిడ్డే. ఆస్కార్ దక్షిణ అమెరికా నదుల చేప, అడుగు దాకా పెరుగుతుంది, నోట్లో పట్టిన చేపనల్లా మింగుతుంది. మలావీ చేపలకు 7.8 నుంచి 8.6 వరకు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఉండి, లవణాలు ఎక్కువగా కలిసిన గట్టి నీళ్లు కావాలి కాబట్టి మన బోరు నీళ్లు చాలావరకు వాటికి సరిపోతాయి. మెత్తటి నీటిలో, 28 డిగ్రీలకు పైబడిన వెచ్చదనంలో పెరిగే డిస్కస్ అనే మరో సిక్లిడ్‌కు అవే నీళ్లు పనికిరావు.

మేత సంగతీ చూసుకోవాలి. ఎంబూనాల్లో ఎక్కువ రకాలు రాళ్ల మీది నాచును గీరి తింటాయి. వాటికి రోజూ బ్లడ్‌వార్మ్స్ (మేతగా వేసే ఎర్ర పురుగులు) వేస్తే పొట్ట ఉబ్బే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. మిక్స్ ట్యాంకులో నాలుగైదు కనిపించిన పీకాక్ అనే రకం సిక్లిడ్లు ఇసుకలోని పురుగులను ఏరుకుని తినే సాధువులు, ఎంబూనాల దూకుడుకు తట్టుకోలేవు. పైగా పీకాక్ పిల్లలు బూడిద రంగులోనే ఉంటాయి, మగవాటికి ఎదిగేకొద్దీ రంగు వస్తుంది. అంత చిన్న వయసులోనే మెరిసిపోతున్న పీకాక్‌ను చూస్తే హార్మోన్లు పెట్టారేమోనని అనుమానించడం మంచిది.

పేర్లు రాసిన ట్యాంకుల్లో ధర దాదాపు రెట్టింపు. అయినా నా ఓటు వాటికే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు ఉండి సుమారు 250 లీటర్లు పట్టే ట్యాంకున్నవారు ఎల్లో ల్యాబ్, రస్టీ, ఎల్లో టెయిల్ అసెయ్ రకాలను ఆరేసి చొప్పున తీసుకోవచ్చు. సిక్లిడ్ తనను పోలిన రంగు, చారలున్న చేపతోనే ఎక్కువగా తలపడుతుంది. ఈ మూడింటికీ పోలిక లేదు, పైగా అసెయ్ ఎక్కువగా నీటి పైభాగంలో తిరుగుతుంది. పిల్లల్లో ఆడ, మగ తేడా తెలియదు కాబట్టి ఆరింటికి తగ్గకుండా కొంటే ఒక్కో మగచేపకు ఒకటి కంటే ఎక్కువ ఆడచేపలు దక్కే అవకాశం ఉంటుంది. నీలి చారల డెమసోనీ ఎంత ముచ్చటగా ఉన్నా, పన్నెండుకు తక్కువైతే అవి తమలో తామే కొట్టుకుని చస్తాయి.

మిక్స్ ట్యాంకుకు అయిదింట ఒక్క మార్కు, అదీ నీటి శుభ్రతకే. పేర్లున్న ట్యాంకులకు నాలుగు. చీటీల మీద పెద్దయ్యాక వచ్చే పొడవు రాయనందుకు ఒకటి తగ్గించాను. ఆరంగుళాల దాకా ఎదిగే అసెయ్‌ని రెండడుగుల ట్యాంకు ఉన్నవారికీ మారుమాట లేకుండా అమ్ముతున్నారు.