1,68,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కారా, 46,000 తిరిగిన పెట్రోల్ కారా: ఏది మేలు?

మా బావమరిది ఉండేది ఉప్పల్‌లో, పని చేసేది భువనగిరిలో. రానూపోనూ రోజుకు 80 కిలోమీటర్ల దాకా అవుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కోసం నెల రోజులు తిరిగి చివరికి రెండింటి దగ్గర ఆగాడు. ఒకటి 2018 నాటి డిజైర్ డీజిల్. మీటరు 1,68,000, ధర 4.60 లక్షలు. రెండోది 2015 నాటి పెట్రోల్ చిన్న కారు. మీటరు 46,000, ధర 3.90 లక్షలు. ఈ రెండో దాని పేరు చెప్పను. అందులో నేను చూసిన లోపాలు కారువి కావు, దాన్ని ఉంచిన తీరువి.

"ఇందులో ఆలోచించడానికి ఏముంది బావా? అంత తిరిగిన బండిని ఎవరైనా కొంటారా?" అన్నాడు. నిజంగా అంత తేలిక అనుకుంటే నన్ను వెంటబెట్టుకుని రాడు కదా. మనసు డిజైర్ మీదే ఉందని అర్థమైంది.

నేను ముందు అడిగింది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఎక్కడ తిరిగిందని. డిజైర్ యజమాని ఆరేళ్లపాటు వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చిన మనిషి. ఒక వైపు సుమారు 270 కిలోమీటర్లు. ఏడాదికి 52 సార్లు లెక్కేస్తే 28,000 పైచిలుకు. ఆరేళ్లకు మీటరు మీద ఉన్న అంకె సరిగ్గా సరిపోయింది. హైవే మీద సగటున గంటకు 65 కిలోమీటర్లు అనుకుంటే ఆ ఇంజన్ నడిచింది 2,600 గంటలు. చిన్న కారు సిటీ దాటింది తక్కువ. మన ట్రాఫిక్‌లో సగటు గంటకు 18 వస్తే గొప్ప. ఆ లెక్కన 46,000 కిలోమీటర్లకు దాని ఇంజన్ కూడా 2,550 గంటలు నడిచింది. మీటర్ల మధ్య లక్షా ఇరవై వేల తేడా ఉంటే ఇంజన్ల మధ్య యాభై గంటలు కూడా సరిగ్గా లేదు. పైగా చిన్న కారు సిగ్నల్ సిగ్నల్‌కూ క్లచ్ తొక్కించుకుంటూ నడిచింది.

ఈ లెక్క ఇంజన్‌కే వర్తిస్తుంది. బేరింగులు, షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ బుష్‌లు గంటలను కాదు, కిలోమీటర్లనే లెక్కపెట్టుకుంటాయి.

చిన్న కారును సెల్లారులో చూశాం. రంగు అద్దంలా ఉంది. మీటరు వెనక్కి తిప్పారేమోనని నా మొదటి అనుమానం. బ్రేక్ పెడల్ రబ్బరు చూశాను, గీతలు చెక్కుచెదరలేదు. స్టీరింగ్ అరగలేదు. సర్వీస్ రికార్డులో 2021 నాటికి 39,000. మీటరు నిజమే చెబుతోంది. అయితే ఆ తర్వాత ఒక్క సర్వీసూ లేదు. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ 0415, అంటే 2015 నాలుగో వారం. కారుతో వచ్చిన టైర్లే! గాడులు లోతుగా ఉన్నాయి కానీ పక్క గోడల మీద వెంట్రుకవాసి పగుళ్లు. పదేళ్ల రబ్బరుతో హైవే ఎక్కడానికి నాకైతే ధైర్యం చాలదు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీయగానే మా బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. లోపల పల్లీ తొక్కలు, కొరికిన స్పాంజి ముక్కలు, ఎలుక పెంట. పక్కనే రెండు వైర్ల మీద తొడుగు కొరికేసి ఉంది. ఇంజన్ మాత్రం చక్కగా స్టార్టయింది, దాన్ని తప్పుపట్టను. టైర్లు, బ్యాటరీ, వైరింగ్, హోసులు, ఆయిళ్లు అన్నీ కలిపి మెకానిక్ 32,000 చెప్పాడు.

డిజైర్ చూడటానికి ఉదయం ఆరింటికే వెళ్లాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. మొదటి తిప్పుకే అందుకుంది. పొగ గొట్టం నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. రెండూ లేవు. తర్వాతే అసలు పరీక్ష: ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాను. పిస్టన్ రింగులు అరిగితే అక్కడ పొగ గుప్పుగుప్పున చెయ్యిని నెడుతుంది. ఇక్కడ సన్నగా ఊపిరి తగిలినట్టుంది, అంతే. ఆ 1,248 సీసీ డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులను వేళకు తెరిపించే రబ్బరు పట్టీ) లేదు, చైన్ ఉంటుంది. కాబట్టి లక్ష దాటాక బెల్టు మార్చారా అన్న దిగులూ లేదు. ఎక్కువ తిరిగిన బండి బెల్టుదైతే మాత్రం, మార్చిన బిల్లు చూపించనిదే బేరమే మొదలుపెట్టకూడదు.

క్లచ్ దగ్గర దొరికింది. హ్యాండ్ బ్రేక్ వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదిలితే ఇంజన్ ఠక్కున ఆగిపోవాలి. ఇది రెండు క్షణాలు గునిసి అప్పుడు ఆగింది. గుంతల్లో ముందు ఎడమ చక్రం దగ్గర టకటక శబ్దం. క్లచ్ సెట్టు, బుష్‌లు, లింకు రాడ్లు, రెండు టైర్లు: 48,000. ఆ మరమ్మతుల అంచనా కాగితం పెట్టి బేరమాడితే 4.15 లక్షలకు దిగారు.

కాగితాల్లో నాకు బాగా నచ్చింది ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం ఉంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతేనే అంత వస్తుంది. ప్రమాదం జరగలేదనడానికి అదొక్కటే చాలదు, సొంత డబ్బుతో బాగుచేయించుకుని ఉండవచ్చు. అందుకే డిక్కీ కార్పెట్ ఎత్తి వెల్డింగ్ గుర్తులు ఉన్నాయేమోనని కూడా చూశాను. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్‌లో దీనికి 2033 దాకా గడువుంది, చిన్న కారుకు 2030 దాకానే.

మధ్యలో ఒక బ్రోకర్ ఢిల్లీ బండి చూపించాడు. పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద అక్కడ 2015లో హరిత ట్రైబ్యునల్ నిషేధం పెట్టినప్పటి నుంచి అలాంటివి చవకగా దొరుకుతున్నాయి. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ చవక కాస్తా ఆవిరవుతుంది. టీ తాగి వచ్చేశాం.

మరమ్మతులతో కలిపి డిజైర్ 4.63 లక్షలు, చిన్న కారు 4.22. తేడా 41,000. నెలకు 1,900 కిలోమీటర్ల తిరుగుడుకు డీజిల్ 8,600, పెట్రోలు 12,700 అవుతుందని లెక్క తేలింది. పది నెలల్లో ఆ తేడా పూడిపోతుంది. నేను డిజైర్ కొనమన్నాను. నాలుగేళ్ల తర్వాత అమ్మబోతే మీటరు రెండున్నర లక్షలు దాటుతుందని, అప్పుడు దాన్ని కొనేవాడు దొరకడం కష్టమని కూడా చెప్పాను. రోజుకు పది కిలోమీటర్లే తిరిగే మనిషైతే నా మాట వేరుగా ఉండేది.

చిన్న కారు వారంలోపే అమ్ముడుపోయింది. కొన్నది అదే అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు దంపతులు, రిటైరైనవాళ్లు. గుడికీ రైతు బజారుకూ తప్ప బయటికి తీయరట. టైర్లు మార్చమని వాచ్‌మన్‌తో కబురు చేశాను.