తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్ని కాల్చాడు

యూదా రాజు యోషీయా, అతని కొడుకు యెహోయాకీము: ఇద్దరికీ దేవుని హెచ్చరిక చదివి వినిపించారు. దేవాలయంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని రాజు లేఖికుడు షాఫాను చదవగానే యోషీయా దుఃఖంతో బట్టలు చింపుకున్నాడు, ప్రవక్త్రి హుల్దా దగ్గరికి మనుషుల్ని పంపాడు. శిక్ష రద్దు కాలేదు, అతని కాలంలో మాత్రం రాదని ఆమె చెప్పింది.

యెహోయాకీము తీరు చదివితే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. చలికాలం, ఎదురుగా కుంపటి. ప్రవక్త యిర్మీయా చెప్పగా అతని లేఖికుడు బారూకు రాసిన గ్రంథాన్ని రాజు కొలువులోని యెహూది అనే అతను మూడు నాలుగు పుటలు చదివేసరికల్లా, రాజు చాకుతో ఆ భాగం కోసి నిప్పులో వేశాడు. చివరిదాకా అంతే. కాల్చవద్దని బతిమాలిన వాళ్లలో గెమర్యా ఒకడు, షాఫాను కొడుకే! రాజు వినలేదు. రాజు గానీ అతని సేవకులు గానీ భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అని బైబిలులోని యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం ప్రత్యేకంగా రాస్తుంది. తండ్రిని గుర్తుచేయడానికే అలా రాశారని నా నమ్మకం.

కాల్చినా మాట పోలేదు. యిర్మీయా మళ్లీ రాయించాడు, ఇంకా ఎక్కువ మాటలతో. క్రీ.పూ. 597లో యెహోయాకీము కొడుకు, మూడు నెలలే ఏలిన యెహోయాకీను, బబులోనుకు బందీగా వెళ్లాడు. సుమారు పదేళ్లకు యెరూషలేము, దేవాలయం రెండూ తగలబడ్డాయి.