ఈసీ హారర్ కామిక్స్ మళ్లీ వచ్చాయి: ఆరొందలు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఈ విషయంలో నేను పక్షపాతిని. డిగ్రీ రోజుల్లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' అనే ఈసీ హారర్ కామిక్ రీప్రింట్ ఇరవై రూపాయలకి దొరికింది. ఆ రాత్రి హాస్టల్లో కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని చదివి, బాత్రూమ్‌కి వెళ్లడానికి రూమ్మేట్‌ని లేపాను. అందుకే అమెరికా పబ్లిషర్ ఓనీ ప్రెస్ వాళ్లు 2024లో ఈసీ పేరుతోనే 'ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్' అని కొత్త సిరీస్ మొదలుపెట్టారని తెలిసినప్పుడు సంతోషం కన్నా గుబులే ఎక్కువైంది. పాత పాటల్ని రీమిక్స్ చేసి ఏం చేస్తుంటారో వింటూనే ఉన్నాం కదా.

మొదటి సంచిక హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి వెళ్లినప్పుడు ఒక స్టాల్లో దొరికింది. ఆరొందలు. ప్లాస్టిక్ కవర్ తీసి చూస్తే పుస్తకం కింది మూల నలిగిపోయి ఉంది, వెనక్కి వెళ్లి అడిగితే "లోపల కథలు బాగానే ఉన్నాయి సార్" అన్నాడు స్టాల్ అబ్బాయి. ఏం మాట్లాడతాం!

ఈసీ గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1950ల మొదట్లో అమెరికాలో పది సెంట్లకి అమ్మిన హారర్ కామిక్స్ ఇవి. పబ్లిషర్ విలియం గెయిన్స్, కథలు ఎక్కువగా అల్ ఫెల్డ్‌స్టీన్‌వి. పిల్లలు చెడిపోతున్నారని గోల మొదలై 1954లో సెనేట్ విచారణ దాకా వెళ్లింది. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన ఆడమనిషి తల ఉన్న అట్టబొమ్మని పైకెత్తి చూపించి, ఇది బాగుందంటారా అని సెనేటర్ అడిగితే, హారర్ కామిక్ అట్టకి బాగానే ఉందన్నాడు గెయిన్స్. అంతే, పని అయిపోయింది. ఆ ఏడాదే కామిక్స్ పబ్లిషర్లు తమకి తామే పెట్టుకున్న నియమాల పట్టిక, కామిక్స్ కోడ్, పుస్తకాల పేర్లలో 'హారర్', 'టెర్రర్' అనే మాటలే వద్దంది, నడిచే శవాల్నీ రక్తపిశాచాల్నీ నిషేధించింది. 1955 మొదట్లోకల్లా టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్ మూతపడింది.

ఇక కొత్తదాని సంగతి. దీనికి వెనకటి కథలేవీ తెలిసి ఉండక్కర్లేదు, ఏ సంచిక అయినా చేతిలోకి తీసుకుని చదివేయొచ్చు, సూపర్ హీరో పుస్తకాల్లా నలభై ఏళ్ల వంశవృక్షం ఉండదు. చిన్న చిన్న కథలు, చివరి గడిలో దెబ్బ. బొమ్మలు, రంగులు నిజంగా బాగున్నాయి.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. పాత ఈసీలో ఫెల్డ్‌స్టీన్ ముందు మాటలు రాసేసేవాడు, వాటిని టైపు కొట్టినట్టుండే అచ్చు అక్షరాల్లో బొమ్మ వేసే అట్ట మీదికి ఎక్కించేవాళ్లు, మిగిలిన జాగాలోనే చిత్రకారుడు బొమ్మ వేసుకోవాలి. అందుకే సగం గడి అక్షరాలే, పాపం బొమ్మలో మనుషులు వాటి కింద వంగి నిలబడ్డట్టు ఉంటారు. చదువుతుంటే ఎవరో చెవి దగ్గర నోరు పెట్టి చెప్తున్నట్టుంటుంది. కొత్తదాంట్లో మాటలు తగ్గాయి, బొమ్మకి గాలి ఆడింది. కొత్తవాళ్లకి ఇదే హాయి, నాకు మాత్రం ఆ గొణుగుడు లేని లోటు తెలుస్తూనే ఉంది.

నా అసలు ఫిర్యాదు కథ చెప్పేవాడి మీద. పాత 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్'లో కథలు చెప్పే క్రిప్ట్ కీపర్ మన చందమామ బేతాళుడికి చుట్టమనుకోండి. శవంలో కూర్చుని కథ చెప్తూ, వింటున్నవాణ్ణి ఏడిపించి, చివర్లో కిచకిచ నవ్వుకుని పోయే రకం. ఇప్పుడు గ్రేవ్ డిగ్గర్ లాంటి కొత్తవాళ్లు వచ్చారు. చూడ్డానికి భయంకరంగానే ఉన్నారు గానీ నవ్వించరు. హారర్‌కి ఆ వెకిలి నవ్వు ఉప్పులాంటిది.

అక్క కొడుకు ఇంటర్ సెకండియర్, జపాన్ వాళ్ల మాంగా కామిక్స్ తప్ప ఇంకోటి ముట్టడు. హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కగానే వాడికి ఇచ్చాను. అమీర్‌పేట్ వచ్చేసరికి తలెత్తి, "మామయ్యా, ఇందులో దెయ్యం ఏదీ?" అన్నాడు. మనుషులే రా, అన్నాను. మళ్లీ తల దించాడు, నాగోల్ దాకా ఎత్తలేదు. దిగాక "పర్లేదు" అన్నాడు. వాడి నోట్లోంచి అది రావడమంటే నాలుగు స్టార్లకి తక్కువ కాదు.

నేను మూడున్నర ఇస్తాను. నెత్తురు ధారాళంగా ఉంది కాబట్టి చిన్నపిల్లలకి వద్దు. మీరు కొనేటప్పుడు మాత్రం కవర్ అక్కడే తీసి చూసుకోండి.

అన్నట్టు కొత్త పుస్తకం ఇంట్లోనే ఉంది. అబిడ్స్‌లో కొన్న ఆ అట్టలేనిది మాత్రం వాడొచ్చి వెళ్లిన దగ్గర్నుంచి అల్మారాలో కనిపించట్లేదు, అడిగితే "ఏ పుస్తకం మామయ్యా?" అంటున్నాడు.